అత్తయ్య వైపు

పాత ఇల్లు, వంటగది బల్ల
వానలు మొదలైన వారం

లిఫ్టు నిపుణుల వారికి,

ఇన్నేళ్ళూ "నువ్వు" అన్నాను, ఇక మీదట "మీరు" అంటాను. గౌరవం పెరిగిందని మురిసిపోకండి, పెరిగింది దూరం. మీ ఫోన్ నంబరు తీసేశాను. ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరూ వినం. కాగితమైతే ఒకరు ఆపాకే రెండోవారు మొదలుపెట్టాలి. మీతో కాపురంలో నాకు దొరకని సుఖం అదొక్కటే.

విషయానికి వస్తాను. మీ అమ్మగారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారు. తుంటి కీలు కొత్తది వేశారు. నడిపించండి కానీ కుదుపులు తగలనివ్వకండి అని వ్యాయామం చేయించే అమ్మాయి మరీ మరీ చెప్పింది. వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళేది ఏ కారులో? మీరు వదిలేసి వెళ్ళిన కారులో. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మీకు, దాని వెనక షాకబ్జార్లు చచ్చి ఎన్నాళ్ళయిందో తెలుసు. గుంతలో పడితే ముందు చక్రాలు దాటి వెళ్ళిపోతాయి, వెనక భాగం మాత్రం ఆ గుంతని తలుచుకుని తలుచుకుని ఎగురుతూనే ఉంటుంది. మొన్న తీసుకొస్తుంటే ఆవిడ ఒక్కసారి కూడా "అమ్మా" అనలేదు. పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. అరిచినా బాగుండేది.

వీధి చివరి షెడ్డువాడు వానలు తగ్గేదాకా ఖాళీ లేదన్నాడు. మీరు కొన్న జత మెట్ల కిందే ఉంది, అట్టపెట్టెతో సహా. ఆ ఆదివారం మీరు కారు పైకెత్తి, ఒక పక్క పాతదాన్ని విప్పబోయి, మధ్యలో నాతో గొడవపెట్టుకుని, చేతిలో పానాతో సహా గేటు దాటారు. పని సగంలో వదిలేయడం మీకు కొత్త కాదు కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. ఇప్పుడు ఆ రెండూ నేనే వేస్తాను. నాకు తెలియాల్సింది రాయండి. ఇది అడుక్కోవడం కాదు, మీ తల్లి సంగతి మీకు గుర్తుచేయడం.

ఆవిడా మా అమ్మా ఇప్పటికీ వెనక సీట్లోనే కూర్చుంటారు. ఎవరి కిటికీ వారిది, మధ్యలో సంచి సరిహద్దు రాయిలా. రెండు వీధుల అవతలి నుంచి మా అమ్మ పనిగట్టుకుని వస్తుంది, తోడు కోసమట. దారిపొడుగునా పోట్లాడుకుంటారు. మన బండికి కుడి ఎడమలు ఎప్పుడూ లేవు కదా, ఆవిడ వైపు, ఈవిడ వైపు అంతే.

ఇంకొకటి. "కొడుకు దగ్గరికి వచ్చేయమ్మా" అని మీరు రాసిన ఉత్తరం ఆవిడ నాకే చదివి వినిపించింది. ఆవిడ బీరువా కాదు, లారీ ఎక్కించి దింపుకోడానికి.

ఇట్లు,
మీ పాత చిరునామా


అద్దె గది, ఆరో అంతస్తు, లిఫ్టు లేదు
ఉత్తరం అందిన రోజే

పళ్ళ సెట్ల పనిమంతురాలికి,

నువ్వు "మీరు" అంటే నాకు కంపరంగా ఉంది. నీ ఇష్టం. నేను మాత్రం "నువ్వు" అనే అంటాను, నాకు నాటకాలు రావు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆవిడ నా తల్లి. ఆవిడ తుంటి గురించి నేను బాధపడతాను. నువ్వు లేబొరేటరీలో కూర్చుని ఎవరెవరి దవడలకో పళ్ళు అమర్చుకో. సీసా మూత తీయమని నన్ను పిలిచే మనిషివి, కారు కింద దూరతావా? వద్దు. కాస్త ఆగితే వానలు తగ్గాక నేనే బండి మాట్లాడుకుని వచ్చి అమ్మని ఇక్కడికి తెచ్చుకుంటాను. కొడుకు బతికుండగా కోడలి ఇంట్లో, అదీ విడిపోతున్న కోడలి ఇంట్లో పడి ఉండడం ఏమిటి? లోకం నన్నేమనుకుంటుంది? నేను పంపిన విడాకుల కాగితాలు ఎక్కడ దాచావో అది కూడా రాయి. సంతకం పెట్టి పంపడానికి ముహూర్తం చూస్తున్నావా?

చెప్పినా వినవని తెలుసు. నువ్వు చచ్చి ఆ నింద నా మీద వేయడం నాకిష్టం లేదు కాబట్టి చెప్తున్నాను. నేల గట్టిగా, చదునుగా ఉన్నచోట ఆపు. ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు అడ్డం పెట్టు. జాకీతో ఎత్తాక కింద స్టాండ్లు పెట్టు, ఒక్క జాకీని నమ్మి కిందికి తల దూర్చకు. బోల్టులన్నిటికీ ముందురోజే నూనె పోసి నానబెట్టు. ఒక వైపు అయ్యాకే రెండో వైపు. కింది బోల్టు తీసేముందు ఇరుసు కింద ఇంకో జాకీ ఆనించు, లేకపోతే ఇరుసు దభాలున కిందికి జారుతుంది, స్ప్రింగు ఎగిరొస్తుంది.

ముఖ్యమైనది ఇది. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బోల్టులు ఆఖరి బిగింపు బిగించకు. అలా బిగిస్తే లోపలి రబ్బరు బుష్‌లు మెలిపడి నాలుగు రోజుల్లో చిరుగుతాయి. కిందికి దించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక బిగించు.

ఇంకొకటి. అత్తయ్య వైపు కింది బోల్టు మర పాడైంది. ఆ రోజు సగం విప్పుతుంటే నువ్వు వెనకనుంచి అరిచావు, పానా జారింది. ఎలాగో తిరిగి ఎక్కించాను కానీ దాన్ని నమ్మకు. అట్టపెట్టెలో చిన్న కవర్లో కొత్త బోల్టు ఒకటి ఉంది, అది అటు వేయి. ఎప్పుడూ మనిషి కూర్చునే వైపు, అసలే పెద్దావిడ. అశ్రద్ధ చేయకు.

ఇంతకుమించి నాకేం తెలియదు.

ఇట్లు,
ఇరుగుపొరుగుకి నువ్వు చెప్పుకునే దుర్మార్గుడు


పాత ఇల్లు, గేటు ముందు అరుగు
ముసురు విడిచిన వారం

లిఫ్టు నిపుణుల వారికి,

వేశాను. రెండు వైపులా నేనే వేశాను. చచ్చిపోలేదు, మీ దురదృష్టం.

మీరు సీసా మూతల గురించి రాశారు కాబట్టి చెప్తున్నాను: అవి నేను తీయలేక పిలవలేదు. ఇంట్లో మీకు ఏదో ఒక పని ఉందని అనిపించాలని పిలిచేదాన్ని. ఇక ఆ అవసరం లేదు.

బోల్టులు నానబెట్టాను. రాళ్ళు పెట్టాను. స్టాండ్లు షెడ్డువాడి దగ్గర తెచ్చాను. నా పని తడి నోట్లో వెంట్రుకవాసి తేడా లేకుండా పన్ను కుదర్చడం. మీ ఇరుసుకి షాకబ్జారు కుదర్చడం దానికంటే కష్టమేమీ కాదు, అదే మాట్లాడే నోరైతే ఇంకా కష్టం. పాతవి రెండూ నేల మీద నిలబెట్టి నొక్కితే కిందికి దిగి అలాగే ఉండిపోయాయి, లేవలేదు. ఎవరో గుర్తొచ్చారు.

అత్తయ్య వైపు కింది బోల్టు విప్పి చూశాను. మర శుభ్రంగా ఉంది. పాడైందని మీరన్నారు, నాకైతే ఏ లోపమూ కనిపించలేదు. అయినా అత్తయ్య విషయం కదా, వాదన ఎందుకని కొత్తదే వేశాను. రెండో వైపు పాతదే వేశాను. అది తిప్పుతుంటే పంటి కింద రాయి పడ్డట్టు గరగరలాడింది. తుప్పనుకుని ఇంకాస్త నూనె వేసి బిగించాను.

ఆఖరి బిగింపు బరువు మీద అన్నారుగా. బరువు కోసం ఇద్దరమ్మల్నీ వెనక సీట్లో కూర్చోబెట్టాను. నేను కింద పడుకుని పానా తిప్పుతుంటే పైన వాళ్ళిద్దరూ ఎవరు ఎక్కువ బరువో తేల్చుకుంటున్నారు. "నేను పుల్లలా ఉంటాను, మీ వైపే బండి ఒరిగిపోయింది చూడండి" అంటుంది మా అమ్మ. "నాలో కొత్తగా ఇనుము పెట్టారు, అది లెక్కలోకి రాదు" అంటుంది మీ అమ్మ.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాం. అత్తయ్య దారిలో నిద్రపోయింది. ఆపరేషను అయ్యాక ఆవిడ కారులో నిద్రపోవడం ఇదే మొదలు. ఇది మీకు ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

విడాకుల కాగితాలు దాచలేదు, బల్ల మీదే ఉన్నాయి. సంతకం పెడతాను. ఒక్కటే షరతు. మీ అమ్మగారు తనకి ఇష్టమైనన్నాళ్ళు ఇక్కడే ఉంటారని, మీరు ఆవిడని లాక్కుపోరని రాసివ్వండి. అది వచ్చేదాకా నా కలంలో సిరా లేదు.

ఇట్లు,
పుల్ల కూతురు


అద్దె గది, ఆరో అంతస్తు
మరో వారానికి

బేరగత్తెకి,

నా తల్లిని అడ్డం పెట్టుకుని బేరమా? నువ్వింత దిగజారతావనుకోలేదు. రాసివ్వను. నెలాఖరుకి బండి తీసుకుని వస్తున్నాను. అమ్మ బట్టలూ మందులూ సర్ది ఉంచు. ఎక్స్‌రేలు మర్చిపోకు. ఆవిడ ఏడిస్తే ఏడుస్తుంది, నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. ఇక్కడ ఆరు అంతస్తులు ఎలా ఎక్కిస్తావని అడగకు, అది నేను చూసుకుంటాను.

మర శుభ్రంగా ఉందట! పళ్ళు చూసే కళ్ళతో బోల్టు చూస్తే అలాగే ఉంటుంది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నేను నా కళ్ళతో చూసి, నా చేత్తో విప్పి, పాడైందని చెప్తుంటే లేదంటావు. రెండోదాని గరగర తుప్పే. దానికి ఉత్తరంలో మూడు వాక్యాలు ఎందుకు?

అమ్మ నిద్రపోయిందని రాశావు. నా మీద గెలిచానని చెప్పుకోడానికే రాశావని తెలుసు.

ఇట్లు,
నెలాఖరుకి గేటు దగ్గర నిలబడబోయేవాడు


ఆసుపత్రి వరండా, బల్ల మీద కూర్చుని

ఒరేయ్,

గౌరవాలు అయిపోయాయి. "మీరు" అనడానికి నువ్వు మనిషివి కావు.

ఈ రోజు వంతెన దిగుతుంటే వెనకనుంచి టంగుమని చప్పుడు. ఆ వెంటనే ఈడుస్తున్న చప్పుడు. వెనక భాగం ఒక పక్కకి ఎగిరెగిరి పడింది. నేను తొక్కిన బ్రేకుకి బండి అడ్డం తిరిగి, గోడకి జానెడు దూరంలో ఆగింది. దిగి చూస్తే కింది బోల్టు లేదు, ఎక్కడ ఊడిపోయిందో తెలియదు. కొత్త షాకబ్జారు విరిగిన చెయ్యిలా వేలాడుతోంది. ఏ వైపో తెలుసా? మా అమ్మ వైపు.

మా అమ్మ తల వెళ్ళి కిటికీకి కొట్టుకుంది. రెండో కుదుపుకి ముందు సీటు మీదికి పడబోతే నీ తల్లి సంచి మీదుగా పడి, రెండు చేతులతో మా అమ్మ నడుం పట్టుకుని లాగింది. కొత్త తుంటితో! ఇప్పుడే ఎక్స్‌రే తీశారు, దేవుడి దయవల్ల కీలు కదలలేదు. మా అమ్మ మణికట్టు చిట్లింది. కట్టు వేస్తున్నారు. అరుపులు నాకిక్కడికి వినిపిస్తున్నాయి.

ఇప్పుడు అర్థమైంది నాకు. మర పాడైన బోల్టు ఏదో నీకు బాగా తెలుసు. బాగున్న బోల్టుని మార్పించావు, అటు నీ తల్లి కూర్చుంటుంది కాబట్టి. పాడైనదాన్ని వదిలేయించావు, అటు మా అమ్మ కూర్చుంటుంది కాబట్టి. ఉన్న ఒక్క కొత్త బోల్టూ నీ తల్లికి. మా అమ్మ ఏమైపోయినా నీకేం? నీ పొగరు తెలుసు, నీ మొండితనం తెలుసు. ఇన్నాళ్ళు ఒకే మంచం మీద పడుకుని, నీలో ఇది ఉందని మాత్రం నాకు తెలియలేదు. నామీద కోపముంటే నన్ను చంపు. ఆ ముసలిది నీకేం చేసింది? నీకు జ్వరమొచ్చినప్పుడు గ్లాసుతో జావ పట్టుకుని నీ పక్కన కూర్చున్నది ఆవిడే కదరా!

నెలాఖరుకి రా. గేటు దగ్గర నేను కూడా నిలబడతాను.


అద్దె గది
ఉత్తరం చదివిన వెంటనే, నిలబడే రాస్తున్నాను

నీకు,

నన్ను "ఒరేయ్" అన్నావు. పర్వాలేదు, ఆ "మీరు" కంటే ఇదే నయం.

నేను పొగరుబోతుని, మొండివాణ్ణి, భర్తగా పనికిరానివాణ్ణి. అవన్నీ కోర్టులో చెప్పుకో, నేను కాదనను. కానీ మీ అమ్మని చంపబోయానన్న మాట వెనక్కి తీసుకో. అది తీసుకునేదాకా నేను ఇంకేదీ మాట్లాడను.

నా ఉత్తరం నీ దగ్గరే ఉంది, తీసి చదువు. అత్తయ్య వైపు అని రాశాను. అత్తయ్య వైపు బోల్టే ఊడింది. మా అమ్మని నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా అత్తయ్య అని పిలిచానా? అమ్మని అమ్మ అనే అంటాను. నాకు అత్తయ్య ఒక్కతే. ఆవిడ నా పక్కన జావ గ్లాసుతో కూర్చున్నావిడ. నువ్వు గుర్తుచేయనక్కర్లేదు.

ఆ కొత్త బోల్టు ఆవిడ కోసం చెప్పాను. నువ్వు తీసుకెళ్ళి మా అమ్మకి వేశావు.

గరగరలాడిందని నువ్వు రాశావు. తుప్పని నేను రాశాను. అది తుప్పు కాదు, నేను చెప్పిన బోల్టే. నువ్వు సరిగ్గానే చూశావు. ఇంతకంటే నా చేత చెప్పించకు.

అత్తయ్యకి ఏ చెయ్యి? ఆవిడ రాసేదీ తినేదీ ఎడమ చేత్తో. ఎడమ చెయ్యయితే ఎవరు తినిపిస్తున్నారు? నీ వంట చేతులతో విసుక్కుంటూ తినిపించకు, ఆవిడ నిదానంగా నములుతుంది.

నీ షరతు రాసి సంతకం పెట్టి దీనితో జత చేశాను. అమ్మ ఎక్కడ ఉండాలనుకుంటే అక్కడే ఉంటుంది. నేను రాను. ఇంకా నీ మీద కోపం చల్లారలేదు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. నువ్వు కూడా సంతకం పెట్టి పంపు.

చిరునామా ఇదే.


ఇల్లు, ముందుగది

మీకు,

ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఆ ఒక్కటే. మిగతావన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కటి కూడా తగ్గించను.

"అత్తయ్య వైపు" అన్న మాట చదివినప్పుడు నాకు రెండో ఆలోచనే రాలేదు. నాకు రాస్తున్నారు కాబట్టి నా వరసలో రాశారనుకున్నాను. మీరు మీ వరసలో రాశారు. కొత్త కాపురం నుంచీ ఇద్దరం ఆ మాటే వాడుతున్నాం, ఎవరి అత్తయ్యో అడగాల్సిన అవసరం రాలేదు. పక్కపక్కన నిలబడి వేలు చూపించేవాళ్ళం కదా. ఇప్పుడు వేలు చూపించడానికి మధ్యలో ఎన్ని ఊళ్ళు!

మీ ఉత్తరం ఇద్దరికీ చదివి వినిపించాను. మా అమ్మ ముక్కు చీది, "అల్లుడు నన్ను అశ్రద్ధ చేస్తాడా, నువ్వే పిచ్చిదానివి" అని నా మీద పడింది. మీ అమ్మగారు మాత్రం, "వాడు మొదటే కుడి అనో ఎడమ అనో ఏడిస్తే సరిపోయేది కదా" అన్నారు. నేను ఆవిడ పక్షమే.

ఎడమ చెయ్యే. తినిపిస్తోంది మీ అమ్మగారు. వద్దంటే వినదు. విసుక్కోవడం కూడా ఆవిడే విసుక్కుంటోంది. చెయ్యి కుదిరేదాకా మా అమ్మని ఇక్కడికే తెచ్చుకున్నాను. షెడ్డువాడు నాలుగు బోల్టులూ కొత్తవి వేశాడు, నేను పక్కనే నిలబడి ప్రతిదీ చూశాను.

మా అమ్మ మిమ్మల్ని ఇంకా అల్లుడనే అంటోంది. మాన్పించడం నా వల్ల కాదు. ఆవిడకి ఉత్తరం రాయాలనుకుంటే రాయండి, నేను విప్పను. నాకు మాత్రం ఇక రాయకండి. ఈ ఉత్తరాలు చదివిన ప్రతిసారీ రెండు రోజులు నా చేతులు పనికి రావడం లేదు. పళ్ళు వంకర వస్తున్నాయి.

మీరు రాసిచ్చిన కాగితం అందింది. మాట ప్రకారం సంతకం పెట్టాను, అన్ని పేజీల మీదా. అదే దీనితో పంపుతున్నాను. పెడుతుంటే మీ అమ్మగారు చేతికర్రతో వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. కలం మూత పెట్టాక అడిగారు.

"దీంతో నేను నీకేమవుతాను?"

"చట్టప్రకారం ఏమీ కారు, అత్తయ్యా" అన్నాను.

అన్నాక ఆ చివరి మాట నాకే వినిపించింది. ఆవిడకీ వినిపించింది. నా మొహం చూసి, కాగితాలు పక్కకి జరిపి, చెప్పులు వేసుకుంది.

"ఆ కారు సంగతి సరేగానీ, ఈ కారు బయటికి తియ్యి. ఆసుపత్రికి టైమవుతోంది" అంది.

తీశాను.